విశ్వాసి, ప్రభుత్వం: ఒక సాయంకాలపు బైబిలు పాఠ్యక్రమంపై సమీక్ష

విశ్వాసి ప్రభుత్వానికి ఎంతవరకు లోబడాలి, ఎక్కడ కాదనాలి అనే విషయం మీద గుంటూరు ప్రాంతంలోని కొన్ని సంఘాలు కలిసి నడుపుతున్న శనివారం సాయంత్రపు తరగతులకు ఈ ఏడాది హాజరయ్యాను. ఎనిమిది వారాల పాఠ్యక్రమం, వారానికి రెండు గంటలు, రుసుము ఐదు వందల రూపాయలు, అచ్చువేసిన పాఠాల పుస్తకం అందులోనే కలిసి వస్తుంది. నిర్వాహకుల పేరు ఇక్కడ రాయడం లేదు. ఇటువంటి తరగతులు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ, తెలుగు సంఘాలున్న ఇతర నగరాల్లోనూ జరుగుతున్నాయి కాబట్టి, చేరాలనుకునే వారు తమకు దగ్గరలో ఉన్న తరగతిలో ఏమి ఉందో, ఏమి లోపించిందో చూసుకోవడానికి ఈ సమీక్ష పనికి రావాలన్నదే నా ఉద్దేశం.

ఈ పాఠం మన సంఘాలకు ఎంత అవసరమో ముందుగా చెప్పాలి. రోమా పత్రిక పదమూడవ అధ్యాయం మన ప్రసంగ వేదికల మీద ఆగస్టు 15న, జనవరి 26న, ఎన్నికల ముందు వినబడుతుంది. సభలకు అనుమతి దొరకనప్పుడో, ప్రార్థన మందిరం మీద అభ్యంతరం వచ్చినప్పుడో అపొస్తలుల కార్యములు అయిదవ అధ్యాయం వినబడుతుంది. మొదటిది "ప్రతివాడును పై అధికారులకు లోబడియుండవలెను" అంటుంది. రెండవది "మనుష్యులకు కాదు దేవునికే మేము లోబడవలెను గదా" అంటుంది. అవసరాన్ని బట్టి ఏదో ఒక వాక్యాన్ని ఎత్తుకుని రెండోదాన్ని మూసి ఉంచడం మనకు అలవాటుగా మారింది. ఈ రెండింటినీ ఒకే బల్ల మీద పరిచి చదివించడం ఈ పాఠ్యక్రమం చేసిన మొదటి మేలు.

మొదటి వారం ఇచ్చిన అభ్యాస పత్రం గురించి కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే పాఠ్యక్రమం మొత్తంలో అంతకంటే విలువైనది మరొకటి లేదు. ఒక పెద్ద కాగితాన్ని నాలుగు నిలువు గడులుగా విభజించారు. ఆజ్ఞ ఇచ్చింది ఎవరు, అడిగింది ఏమిటి, విశ్వాసి ఇచ్చిన జవాబు ఏమిటి, ఆ జవాబు ఖర్చు ఎవరు భరించారు అన్నవి ఆ నాలుగు గడులు. నిర్గమకాండములో ఫరో ఆజ్ఞను పాటించని షిఫ్రా, పూయా అనే మంత్రసానుల దగ్గర మొదలుపెట్టి, దానియేలు గ్రంథంలోని అగ్నిగుండం, సింహాల బోను, యేసు ముందు పెట్టిన పన్ను నాణెం, యూదుల మహాసభ అయిన సన్హెద్రిన్ ఎదుట నిలబడిన పేతురు, ఫిలిప్పీలో తాను రోమీయుడనని చెప్పి న్యాయాధికారులను స్వయంగా రప్పించిన పౌలు, ఇలా ఒక్కొక్క సంఘటనను ఆ గడుల్లో నింపించారు. మొదటి మూడు గడులు అందరూ తేలికగానే నింపారు. నాలుగవ గడి దగ్గర గది నిశ్శబ్దమైంది. పేతురు, యోహానులు దెబ్బలు తిన్నారు. షద్రకు, మేషాకు, అబేద్నెగోలు గుండంలో పడ్డారు. కాదన్నవాడు పారిపోలేదు, తన జవాబు ఫలితాన్ని ఇంకొకరి మీదికి నెట్టలేదు. లోబడడం, తిరస్కరించడం రెండూ దేవుని ఎదుట బాధ్యతతో చేసే పనులేనని ఆ నాలుగవ గడి ఏ ఉపన్యాసం కంటే బాగా చెప్పింది. బైబిల్లో రాజాజ్ఞను మొట్టమొదట పక్కన పెట్టినవారు ఇద్దరు స్త్రీలు కాగా, ఈ పాఠ్యక్రమంలో బోధించడానికి ఒక్క సహోదరిని కూడా పిలవకపోవడం నాకు బాధ కలిగించింది.

రెండవ భాగంలో రోమా పత్రిక రాసిన కాలాన్ని పరిచయం చేశారు. క్రీస్తు శకం 49 ప్రాంతంలో క్లౌదియ చక్రవర్తి యూదులను రోము నుంచి వెళ్లగొట్టడం, అకుల, ప్రిస్కిల్ల దంపతులు ఆ విధంగానే కొరింథుకు చేరడం, పౌలు ఈ పత్రికను సుమారు 57లో, నీరో పాలనలో రాయడం చెప్పారు. సుమారు ఏడేళ్లకే, 64లో రోము నగరం తగలబడిన తరువాత, అదే నీరో క్రైస్తవులను చిత్రహింసలు పెట్టి చంపించాడు. అంటే పాలకుడు మంచివాడని నమ్మి పౌలు ఆ మాట రాయలేదు. "ఆగ్రహభయమునుబట్టి మాత్రము కాక మనస్సాక్షిని బట్టియు లోబడియుండుట ఆవశ్యకము" అన్న పదమూడవ అధ్యాయం అయిదవ వచనంలో మనస్సాక్షి అన్న మాట ఉండబట్టే, అదే మనస్సాక్షి ఒకచోట ఆగమని కూడా చెప్పగలదని అధ్యాపకుడు వివరించిన తీరు చక్కగా ఉంది. చక్రవర్తి కోసం ప్రార్థిస్తాం, చక్రవర్తికి బలి అర్పించము అన్న తొలి శతాబ్దాల సంఘపు వైఖరిని కూడా ఇక్కడే చెప్పారు. ఈ భాగం ఇంకొంత పొడిగించినా బాగుండేది.

చాలామంది హతసాక్షుల కథలు వినడానికి వచ్చారు. నిర్వాహకులు మాత్రం మూడు, నాలుగు వారాలను మైకు, పెళ్లి రిజిస్టరు, లెక్కల పుస్తకం మీద గడిపారు. కొందరికి ఇది రుచించలేదు, హాజరు కూడా తగ్గింది. నా దృష్టిలో మాత్రం పాఠ్యక్రమానికి గట్టి పునాది ఇక్కడే పడింది. శబ్ద కాలుష్యంపై 2000లో వచ్చిన నిబంధనల ప్రకారం రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు బహిరంగంగా లౌడ్‌స్పీకర్ వాడకూడదు. నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెళ్లు పరిమితి. అదే ఏడాది ఆగస్టులో సుప్రీంకోర్టు తీర్పిచ్చిన చెన్నై కేసులో ఒక పక్షం క్రైస్తవ సంఘమే. ఇతరుల ప్రశాంతతను భంగపరచి ప్రార్థన చేయాలని ఏ మతమూ చెప్పదని న్యాయస్థానం ఆ సంఘానికి చెప్పవలసి వచ్చింది. ఉజ్జీవ సభలు అర్ధరాత్రి దాకా సాగించి, పోలీసులు ఆపమంటే శ్రమలు వచ్చాయని సాక్ష్యం చెప్పుకోవడం సరికాదని ఆ పాఠం చెప్పిన న్యాయవాది సూటిగా అన్నారు. సువార్తను ప్రకటించవద్దన్న ఆజ్ఞ వేరు, పది తరువాత మైకు కట్టేయమన్న ఆజ్ఞ వేరు. ఈ రెండింటినీ ఒకటిగా చూపిస్తే అపొస్తలుల మాటను మన సౌకర్యానికి వాడుకున్నట్లే అవుతుంది.

వివాహాల పాఠం విన్నప్పుడు గదిలో ఉన్న కాపరుల ముఖాల్లో ఆందోళన స్పష్టంగా కనిపించింది. 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టం ఇప్పటికీ అమలులో ఉంది. ఆ చట్టం ప్రకారం అధికారం లేని వ్యక్తి వివాహం జరిపిస్తే పదేళ్ల వరకు జైలు శిక్ష పడవచ్చు. సాధారణంగా పెళ్లి ఉదయం ఆరు నుంచి సాయంత్రం ఏడు మధ్య జరగాలన్న నియమం కూడా అందులో ఉంది. స్వతంత్ర సంఘాల్లో లైసెన్సు లేని పాస్టర్లు పెళ్లిళ్లు చేయించడం, తరువాత ఆ దంపతులు వీసా కోసమో, ఆస్తి పంపకంలోనో వివాహ ధ్రువపత్రం అవసరమై కార్యాలయాల చుట్టూ తిరగడం మనకు తెలియనిది కాదు. ఇక్కడ అవిధేయత ఖర్చును భరించింది పాస్టరు గారు కాదు, ఆ దంపతులు. నాలుగవ గడిని ఈ సందర్భంలో కూడా నింపించి ఉంటే పాఠం ఇంకా లోతుగా దిగేది. విదేశీ విరాళాల చట్టానికి 2020లో చేసిన సవరణను, ఆ విరాళం ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖ ఖాతాలోకే రావాలన్న నియమాన్ని, పాలనా ఖర్చును ఇరవై శాతానికి తగ్గించడాన్ని కూడా చెప్పారు గాని, ఆ పాఠం చిన్న సంఘాల్లో ఎక్కువమందికి వర్తించదు.

అయిదవ వారం కుల ధ్రువపత్రం గురించి. తెలుగు క్రైస్తవుల్లో అధిక సంఖ్యాకులు దళిత కుటుంబాల నుంచి వచ్చినవారే. ప్రభుత్వానికి లోబడడం, ప్రభుత్వంతో నిజం చెప్పడం అన్న ప్రశ్న వారి ఇళ్లలో తహసీల్దారు కార్యాలయపు దరఖాస్తులో మతం అన్న గడి దగ్గర ఎదురవుతుంది. 1950 నాటి షెడ్యూల్డు కులాల ఉత్తర్వులోని మూడవ పేరా మొదట హిందువులకే షెడ్యూల్డు కులాల హోదాను పరిమితం చేసింది, 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు, క్రైస్తవులను చేర్చలేదు. రెండు తెలుగు రాష్ట్రాల్లో షెడ్యూల్డు కులాల నుంచి క్రైస్తవంలోకి వచ్చినవారు, వారి సంతానం వెనుకబడిన తరగతుల్లోని బి.సి.-సి వర్గంలోకి వస్తారు, దానికి ఉన్న రిజర్వేషను ఒక్క శాతం. ఆదివారం సంఘంలో ఒక పేరు, బడి రికార్డులో మరొక పేరు ఉన్న పిల్లలు ప్రతి సంఘంలోనూ ఉన్నారు. 2024 నవంబరులో పుదుచ్చేరికి చెందిన ఒక కేసులో, క్రైస్తవ విశ్వాసంలో కొనసాగుతూనే ఉద్యోగం కోసం హిందువునని చెప్పుకోవడం రాజ్యాంగాన్ని మోసగించడమేనని సుప్రీంకోర్టు అన్నది.

ఈ పాఠం చెప్పిన పెద్దాయన విశ్రాంత రెవెన్యూ ఉద్యోగి. ఆయన ఎవరినీ నిందించలేదు. చట్టం అన్యాయంగా ఉందని అనుకునే స్వేచ్ఛ విశ్వాసికి ఉందని, దాన్ని మార్చమని అడగడం లోబడడానికి విరుద్ధం కాదని చెప్పారు. మతంతో సంబంధం లేకుండా ఈ హోదా ఇవ్వాలని జస్టిస్ రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లో సిఫారసు చేయడాన్ని, దళిత క్రైస్తవులకు షెడ్యూల్డు కులాల హోదా ఇవ్వాలని ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2023 మార్చిలో తీర్మానించడాన్ని గుర్తు చేశారు. వినతిపత్రం, ఓటు, న్యాయస్థానం, శాంతియుత ఊరేగింపు అన్నీ మన చేతుల్లో ఉన్నాయని, అయితే అబద్ధపు సంతకం మాత్రం విశ్వాసి చేతిలో ఉండకూడదని ఆయన ముగించారు. వెనక వరుసలో కూర్చున్న ఒక యువకుడు లేచి, "అయ్యగారూ, నిజం రాస్తే నా ఫీజు రాయితీ పోతుంది. ఇంజనీరింగు మూడో ఏడాదిలో ఉన్నాను. మా నాన్న కూలికి వెళ్తాడు. సంఘం కడుతుందా?" అని అడిగాడు. పెద్దాయన కాసేపు తల వంచుకుని, "కట్టాలి బాబూ. కట్టలేని సంఘానికి నిన్ను అడిగే హక్కు లేదు" అన్నారు.

అంతకంటే నిజమైన మాట ఆ ఎనిమిది వారాల్లో మరొకటి వినలేదు. నా అభిప్రాయమూ అదే. బాప్తిస్మం తీసుకున్నంత మాత్రాన ఊరు కులాన్ని మరిచిపోదు, కొన్నిచోట్ల సమాధుల తోట కూడా మరిచిపోదు. అవమానం పాతదే మిగిలి, చట్టం ఇచ్చే రక్షణ మాత్రం పోయే చోట నిజం చెప్పమని ఒక పిల్లవాడిని ఒంటరిగా పంపడం కాపరత్వం కాదు. విధేయతను బోధించే సంఘం దాని ఖర్చులో వాటా తీసుకోవాలి, స్కాలర్‌షిప్ నిధి పెట్టాలి, న్యాయ సహాయం ఏర్పాటు చేయాలి. నిర్వాహకులు ఈ చర్చను అక్కడే పట్టుకుని ఒక నిధి గురించి మాట్లాడతారని ఆశించాను. ప్రార్థన చేసి తరగతి ముగించారు. ఆ తరువాతి వారాల్లో ఆ ప్రస్తావన రాలేదు. పాఠ్యక్రమం మీద నాకున్న అతి పెద్ద అసంతృప్తి ఇదే.

ఆరవ వారం జాతీయ గీతం కేసు చెప్పారు. 1985లో కేరళలోని కొట్టాయం జిల్లాలో యెహోవా సాక్షుల కుటుంబానికి చెందిన ముగ్గురు పిల్లలు బడిలో గీతం పాడే సమయంలో మర్యాదగా లేచి నిలబడేవారు గాని పాడేవారు కాదు. వారిని బడి నుంచి పంపించివేశారు. 1986 ఆగస్టు 11న సుప్రీంకోర్టు వారి పక్షాన తీర్పిచ్చింది. ఆ తీర్పు రాసిన జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి అంతకుముందు ఆంధ్రప్రదేశ్ హైకోర్టు న్యాయమూర్తిగా పనిచేసినవారు. మన సంప్రదాయం సహనాన్ని నేర్పుతుంది, మన తత్వం సహనాన్ని బోధిస్తుంది, మన రాజ్యాంగం సహనాన్ని ఆచరిస్తుంది, దాన్ని పలచన చేయవద్దు అన్న ఆయన మాటలను తరగతిలో చదివి వినిపించారు. యెహోవా సాక్షుల సిద్ధాంతాలు మన సంఘాలకు సమ్మతం కావని, మనం గీతాన్ని సంతోషంగా పాడతామని అధ్యాపకుడు ముందే స్పష్టం చేసి, అయినా ఈ కేసును ఎందుకు చదవాలో చెప్పారు. ఆ పిల్లలు గొడవ చేయలేదు, గీతాన్ని కించపరచలేదు, తోటివారిని పాడవద్దనలేదు. తమ మనస్సాక్షి ఒప్పుకోని ఒక్క పనిని మాత్రం మానుకుని, మిగతా అన్నింటిలోనూ లోబడ్డారు. నాలుగవ గడిలో ఆ పిల్లలు బడికి దూరమైన కాలాన్ని, న్యాయస్థానాల చుట్టూ తిరిగిన తల్లిదండ్రులను రాసుకున్నాము. బోధనలో ఈ వారానికి లోటు ఏమీ లేదు.

ఏడవ వారం జర్మనీ గురించి. ఇక్కడ నిరాశ పడ్డాను. హిట్లరు పాలనలో, 1934 మే నెలలో బార్మెన్ పట్టణంలో సమావేశమైన జర్మన్ సంఘ ప్రతినిధులు చేసిన ప్రకటనను, రాజ్యానికి దేవుడు అప్పగించిన పని ఉన్నా అది మనిషి జీవితమంతటికీ ఏకైక వ్యవస్థ కాజాలదని దానిలోని అయిదవ సూత్రం చెప్పడాన్ని పది నిమిషాల్లో దాటేశారు. మిగతా సమయమంతా 1945 ఏప్రిల్ 9న ఉరికంబమెక్కిన జర్మన్ వేదాంతి బోన్‌హోఫర్ జీవితానికి కేటాయించారు. ఆ జీవితం గొప్పదే. అయితే హిట్లరు మీద కుట్రలో భాగమైన పండితుడి ఉదాహరణ మన గ్రామ సంఘంలో ఎవరికి దారి చూపుతుంది? ఆ గంటన్నరలో కొంత సమయం ఫ్రాంజ్ యేగర్‌స్టెటర్‌కు ఇచ్చి ఉండవలసింది. ఆస్ట్రియాలోని సాంక్ట్ రాడెగుండ్ అనే పల్లెలో ఆయన వ్యవసాయం చేసుకుంటూ, గుడిలో పనులు చూసుకుంటూ బతికిన కతోలిక విశ్వాసి. హిట్లరు యుద్ధంలో ఆయుధం పట్టనన్నాడు. ఊరి గురువు, బిషప్పు కూడా కుటుంబాన్ని చూసుకోమని, రాజ్యం తప్పొప్పులు తేల్చడం అతని బాధ్యత కాదని నచ్చజెప్పబోయారు. 1943 ఆగస్టు 9న ఆయన తల నరికారు. భార్య ఫ్రాంజిస్కా, చిన్న వయసులో ఉన్న కూతుళ్లు మిగిలారు, ఊరు ఆ విధవరాలిని చాలా కాలం చిన్నచూపు చూసింది. 2007లో కతోలిక సంఘం ఆయనను ధన్యుడిగా ప్రకటించింది. లోబడమని చెప్పిన వాక్యాన్నే పట్టుకుని సంఘ పెద్దలు ఒక రైతును ఎలా ఒంటరిని చేశారో, ఆ ఖర్చు ఒక ఇంటి మీద మాత్రమే ఎలా పడిందో ఆ చరిత్ర చెబుతుంది. అయిదవ వారం ఆ యువకుడు అడిగిన ప్రశ్నకు అది నేరుగా తగులుతుంది.

మన దేశపు అత్యవసర పరిస్థితిని పాఠ్యక్రమంలో పూర్తిగా వదిలేశారు. 1975 జూన్ 25 నుంచి 1977 మార్చి 21 వరకు పౌర హక్కులు నిలిచిపోయిన కాలంలో భారతీయ సంఘాల్లో అధిక భాగం మౌనంగా ఉన్నాయి. కేరళలోని తిరువల్ల కేంద్రంగా ఉన్న మార్తోమా సంఘ అధ్యక్షుడు జుహానోన్ మార్తోమా మాత్రం అత్యవసర పరిస్థితిని ఎత్తివేయాలని ఇందిరాగాంధీకి లేఖ రాశారు. వేదాంతి ఎం.ఎం. థామస్ ఆ పాలనను విమర్శిస్తూ రాశారు. పరదేశపు ఉదాహరణల కోసం బెర్లిన్ దాకా వెళ్లిన పాఠ్యక్రమం తిరువల్ల దాకా వెళ్లకపోవడం పెద్ద లోపం. రాజులకోసం, అధికారులందరికోసం ప్రార్థించమన్న తిమోతి పత్రిక మాటను ప్రతి వారమూ పాటించిన ఆ తరగతిలో, అధికారికి మర్యాదగా తప్పు చూపిస్తూ ఉత్తరం రాయడం కూడా "రాజును సన్మానించుడి" అన్న ఆజ్ఞలో భాగమేనని చెప్పడానికి అంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

బోధనా విధానం గురించి చివరిగా కొన్ని మాటలు. భాష శుభ్రమైన తెలుగు. వచనాలను బైబిలు సొసైటీ అనువాదం నుంచే చదివించారు కాబట్టి పెద్ద వయసు వారికి ఇబ్బంది కలగలేదు. పాఠాల పుస్తకంలో చట్టాల పేర్లు, సంవత్సరాలు సరిగానే ఉన్నాయి, అచ్చుతప్పులు తక్కువ. ప్రశ్నలకు ప్రతి వారం చివరి ఇరవై నిమిషాలు కేటాయించినా, కఠినమైన ప్రశ్న రాగానే ప్రార్థనకు పిలవడం ఒకటి కంటే ఎక్కువసార్లు చూశాను. ప్రార్థన గొప్పదే గాని, ప్రశ్నకు జవాబు చెప్పిన తరువాత చేసినా దేవుడు వింటాడు. ఎనిమిదవ వారం పునశ్చరణ, అందులో కొత్తగా ఏమీ లేదు. ఆ వారాన్ని అత్యవసర పరిస్థితి పాఠానికి ఇస్తే సరిపోతుంది.

సంఘ కాపరులు, సంఘ పెద్దలు, డిగ్రీ చదువుతున్న యువకులు, ప్రభుత్వ ఉద్యోగంలో ఉన్న విశ్వాసులు ఈ పాఠ్యక్రమంలో చేరవచ్చని నిస్సంకోచంగా చెబుతాను. మొదటి, అయిదవ, ఆరవ వారాలకే చెల్లించిన రుసుముకు తగిన ఫలితం దక్కుతుంది. సండే స్కూలు పిల్లలకు ఇది బరువు. వారిని తీసుకురావద్దు. తరువాతి విడత ఈస్టరు తరువాత మొదలవుతుందని చెప్పారు. చేరే కాపరులు తమ వివాహ లైసెన్సు ప్రతిని, రిజిస్టరును వెంట తీసుకువెళితే నాలుగవ వారం న్యాయవాది వాటిని అక్కడికక్కడే చూసి, చేయవలసిన సవరణలు చెబుతున్నారు.